రంపపు పళ్ళ గీత

మార్చి 25

మా ఇంటి ఆడపడుచు గారికి, మీ వదిన రాస్తున్న ముచ్చట్లు.

"గారు" అన్నానని ఉబ్బిపోకు. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునేదానివి, రేపు నా మీదే అధికారిణివై వస్తావేమోనని ముందుజాగ్రత్త. ఆడపడుచు అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. ఇప్పుడు నీకు ఉద్యోగం కూడా తోడైంది.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అన్నయ్య మోటార్ల షాపు నుంచి గ్రీజు చేతులతో వచ్చి తలుపు గొళ్ళెం పట్టుకుంటాడు, నేను వెనకే గుడ్డ పట్టుకుని తిరుగుతుంటాను. కొత్త సంగతేమిటంటే, పిల్లల తూకాలు ఇకమీదట పుస్తకంలో రాయకూడదట, ఫోనులో ఎక్కించాలట. మా వాలంటీర్లందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి తలా ఒక ఫోను ఇచ్చారు. నేర్పడానికొచ్చిన కుర్రాడు బస్సు తప్పిపోతుందన్నట్టు గబగబా చెప్పేసి, "అర్థమైందా అమ్మా?" అన్నాడు. అందరం తలలూపాం. బయటికొచ్చాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

పని మారలేదు. బిడ్డని సంచిలో కూర్చోబెట్టి త్రాసు కొక్కేనికి తగిలించాలి, జబ్బకి రంగుల టేపు చుట్టాలి. పచ్చ వస్తే సంతోషం, పసుపైతే జాగ్రత్త, ఎరుపైతే బలం ప్యాకెట్లు, వాటికీ లొంగకపోతే ఆసుపత్రి. కాకపోతే ఇదివరకు ఆ మాట నేను చెప్పేదాన్ని, ఇప్పుడు ఫోను చెప్తుంది. ప్యాకెట్లు కూడా ఫోను ఒప్పుకున్న బిడ్డకే వస్తాయి.

నీకొక ప్రశ్న. మా వీధి చివర టైలరమ్మ గుర్తుందా, పోయినసారి వచ్చినప్పుడు నీ బట్టలు బిగుతుగా కుట్టిందని సణిగావు? ఆమె బిడ్డల్లో గుండు చక్కగా ఎక్కాడు. రెండోది పిచ్చుకని ఎక్కించబోతే "ఈ బిడ్డ ఇప్పటికే నమోదై ఉంది" అంటుంది ఫోను. ఎన్నిసార్లు కొట్టినా అదే పాట. ఇబ్బంది వస్తే చేయమని ఒక సాయం నంబరు ఇచ్చారు. అది మోగుతుంది, మోగుతూనే ఉంటుంది. మీ ఆఫీసు యాపే కదా, కాస్త చెప్పు. పిచ్చుక టేపు పసుపులో ఉంది, నాకు దిగులుగా ఉంది.

ఈ కాలంలో ఉత్తరాలేమిటని నవ్వకు. మీ అన్నయ్య ఫోను ఆయన జేబు దాటదు. ఈ కొత్త ఫోనులో ఏం రాసినా పైవాళ్ళకి కనిపిస్తుందని మావాళ్ళందరి అనుమానం. ప్యాకెట్ల వ్యాను డ్రైవరు మీ ఆఫీసు నుంచే వస్తాడు కాబట్టి ఇది అతని చేతికిస్తున్నాను. వేళకి అన్నం తిను.

ఇట్లు,
త్రాసు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో
మీ వదిన


ఏప్రిల్ 8

తూకాల వదినకి,

నీ ఉత్తరం డ్రైవరు నా బల్ల మీద పెట్టేసరికి పక్క సీటావిడ "ప్రేమలేఖా?" అంది. "అవును, మా వదిన నుంచి" అన్నాను. నువ్వు కాక నాకు రాసేవాళ్ళెవరున్నారు.

అధికారిణిని కాదు కానీ పని బాగుంది. పెద్ద గది, ఇరవై తెరలు, ఏసీ చలికి భుజాల మీద తువ్వాలు వేసుకుని కూర్చుంటాం. ఫోన్లు గుమ్మం దగ్గర పెట్టెలో పెట్టేయాలి. తెర మీద పేర్లుండవు, ఊళ్ళుండవు. కేంద్రానికొక నంబరు, బిడ్డకొక నంబరు, ఆ బిడ్డ బరువుకొక గీత. గీత పైకి పోతే మంచిది, కిందికొస్తే ఎవరికో కబురు వెళ్తుంది. గీతల్లో తప్పుడు లెక్కలు పట్టుకోవడం నా పని. ఆరునెలలు బాగా చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు, అందుకని కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కూర్చుంటున్నాను.

నీ ప్రశ్నకి జవాబు చాలా తేలిక. ఒక తల్లికి ఎంతమంది పిల్లలనైనా యాప్ ఒప్పుకుంటుంది. "ఇప్పటికే నమోదై ఉంది" అంటే నువ్వు చిన్నదానికి కూడా పెద్దవాడి పుట్టినరోజే కొడుతున్నావన్నమాట. కళ్ళజోడు పెట్టుకుని సరైన తేదీ కొట్టు. ఒకటి మాత్రం గుర్తుంచుకో, తేదీ ఒక్క రోజు కూడా అటూ ఇటూ మార్చకు. వేరేచోట ఒకావిడ యాప్ ఒప్పుకోవడం లేదని తేదీలు జరిపింది, పని నుంచి తీసేశారు. నీకలాంటి గతి పడితే అన్నయ్యకి నేను మొహం చూపించలేను.

వదినకి కళ్ళజోడు కొనిపెట్టమని అన్నయ్యతో చెప్పు. గొళ్ళేనికి నా జోహార్లు.

నీ
అర్ధమొగుడు


జూన్ 17

ఏమ్మా అర్ధమొగుడా,

కళ్ళజోడు నాకెందుకు, సూదిలో దారం ఇప్పటికీ ఒక్కసారిలో ఎక్కిస్తాను. సరేలే, నీతో వాదన నాకెందుకు. నువ్వు చెప్పాక తేదీ జోలికి పోలేదు. ఒక రోజు జరిపితే ఒప్పుకుంటుందని పక్క వీధి వాలంటీరు చెప్పింది కానీ, నువ్వు రాసింది చదివాక నా వేళ్ళు ఆడలేదు. వేరేగా సర్దుకున్నాను. చెప్తే తిడతావు, చెప్పను.

ఇవాళ తూకం రోజు. మా గదిలో ఫ్యాను లేదు, పిల్లల ఏడుపులతో చెవులు చిల్లులు పడ్డాయి. పిచ్చుక మాత్రం ఏడవలేదు. సంచిలో వేలాడుతూ నా వైపు చూస్తూ ఉండిపోయింది. ఏడ్చే బిడ్డ గురించి నాకెప్పుడూ భయం లేదు, ఏడవని బిడ్డంటేనే భయం. టేపు ఎరుపు. ప్యాకెట్లు పెడుతూనే ఉన్నాం. టైలరమ్మ మిషను తొక్కుతూ ఒళ్ళో దాన్ని కూర్చోబెట్టుకుని వేలితో నాకిస్తుంది. సగం తింటుంది, సగం మెడ మీదికి పోతుంది.

ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నా, ఒక్క బిడ్డని పోగొట్టుకున్నాను. ఆ బిడ్డ తల్లి ఇప్పటికీ బజారులో కనిపిస్తే నేనే పక్కకి తప్పుకుంటాను. ఎందుకు రాస్తున్నానో ఇదంతా. నువ్వు మా ఇంటికి వచ్చి చాలా రోజులైంది, అందుకేనేమో.

మీ వదిన


జూలై 8

వదినా, వదినా,

నీ ఆడపడుచుని చూసి గర్వపడే రోజు వచ్చింది. నిన్న మా సూపర్‌వైజరు సారు గది మధ్యలో నిలబడి అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. ఎందుకో చెప్తా విను.

మూడు రోజులుగా ఒక గీత నా కంట్లో నలుసులా ఉంది. ఒక మగబిడ్డ. ఒక తూకంలో దాదాపు తొమ్మిది కిలోలు, తర్వాతి తూకంలో ఆరుముప్పావు, మళ్ళీ తొమ్మిది దగ్గర, మళ్ళీ ఆరున్నర, మళ్ళీ తొమ్మిది, మళ్ళీ ఆరుంపావు, మళ్ళీ తొమ్మిది. గీత చూస్తే అచ్చం రంపపు పళ్ళు. రెండు వారాల్లో రెండున్నర కిలోలు తగ్గి మళ్ళీ రెండు వారాల్లో పెరిగే బిడ్డ భూమ్మీద ఉంటుందా? పైగా "బరువు మళ్ళీ చూసుకోండి, సరైనదేనా?" అని యాప్ అడిగిన ప్రతిసారీ ఆ వాలంటీరు "సరైనదే" అని నొక్కింది. ఎంత గుండెధైర్యమో చూడు. ఇంట్లో కూర్చుని నోటికొచ్చిన అంకెలు వేసి, ఎరుపు చూపించి, ప్యాకెట్లు కాజేస్తోందన్నమాట. పసిపిల్లల నోటి దగ్గరిది.

ఆ నంబరుకి తాళం వేశాను. తనిఖీ అయ్యేదాకా ఆ బిడ్డ పేరున ప్యాకెట్లు పోవు, కొత్త తూకం ఎక్కదు. "ఇలాంటి కన్ను కావాలి" అన్నారు సారు. ఖాయం అయినట్టే అంటోంది పక్క సీటావిడ.

నీలాగా ఒళ్ళు దాచుకోకుండా చేసేవాళ్ళకి ఇలాంటి వాళ్ళ వల్లే చెడ్డపేరు. మొదటి ఖాయం జీతంతో నీకు కళ్ళజోడు.

గెలిచిన
నీ ఆడపడుచు


జూలై 9

అమ్మాయ్,

నెలలుగా మనసులో ముల్లు. ఇంక దాచలేను. రేపు వ్యాను వస్తుంది కాబట్టి ఇవాళ రాసి పెడుతున్నాను. చదివి చింపేయి.

నువ్వు చెప్పిన సరైన తేదీయే నేను మొదటి నుంచీ కొట్టాను. గుండు, పిచ్చుక కవలలు. ఒక తల్లి, ఒక తేదీ. ఫోనుకి రెండోవాళ్ళు పుట్టారన్న సంగతే అర్థం కాదు. నువ్వు చూశావు కదా, తెలుసనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, నువ్వొచ్చిన రోజు గుండు గుమ్మంలో ఆడుతున్నాడు, పిచ్చుక లోపల పడుకుని ఉంది.

గుండుని తీసేసి పిచ్చుకని ఎక్కిద్దామనుకున్నాను. తీసేయాలంటే ఫోను రెండే కారణాలు చూపిస్తుంది. బిడ్డ చనిపోయింది, లేదా కుటుంబం ఊరు వదిలిపోయింది. రెండోది నొక్కితే తల్లి నంబరే పోతుందట. మొదటిదాని మీద వేలు పెట్టబోయి తీసేశాను. గుండు నా ఒళ్ళో కూర్చుని నా గాజులు లాగుతున్నాడు. వాడు బతికుండగా ఆ మాట మీద ఎలా నొక్కను?

పిచ్చుక బరువే ఎప్పుడూ ఎక్కిద్దామంటే, తనిఖీకొచ్చినవాళ్ళు గుండుని చూసి నవ్విపోతారు. అందుకని ఒకే నంబరు మీద వంతులు పెట్టాను. ఒక తూకం వాడిది, ఒక తూకం దానిది. పిచ్చుక వంతున ఎరుపు పడితే నెల రోజులు ప్యాకెట్లు ఆగవు, వాడి వంతు వచ్చినా వస్తూనే ఉంటాయి. "సరైనదేనా?" అని ఫోను అడిగినప్పుడల్లా సరైనదే అని నొక్కాను. అబద్ధం కాదు కదా, ఇద్దరివీ నిజమైన బరువులే.

తప్పు చేశానా? నువ్వే చెప్పు. తేదీ ఒక రోజు జరిపినా ఇంతకంటే నయమేమో. నువ్వు వద్దన్నావు, భయపడ్డాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎవరికీ చెప్పకుండా దీన్ని విడదీసే దారి చూడు. పిచ్చుక తగ్గుతోంది.

వదిన


జూలై 13

మీ వదిన రాస్తున్నది.

నా ఉత్తరం తీసుకుని నీ ఉత్తరం ఇచ్చాడు డ్రైవరు. ప్యాకెట్ల పెట్టెలో టైలరమ్మ బిడ్డవి లేవు. "ఆ నంబరు ఆపేశారట, నాకేం తెలీదమ్మా" అన్నాడు. నేను వ్యాను పక్కన నిలబడే నీ ఉత్తరం చదివాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అంటారే, ఆ రోజు వీధిలో నేను నిజంగానే తడుముకున్నాను. ఆ రంపం నాదే, తల్లీ. ప్యాకెట్లు కాజేసినదాన్ని నేనే.

ఆ సాయంత్రం మీ అన్నయ్య ఫోను లాక్కుని నీకు చేశాను. ఎత్తలేదు. మర్నాడు చేశాను, ఆ మర్నాడు చేశాను. సాయం నంబరూ ఎత్తలేదు, నువ్వూ ఎత్తలేదు. ఇప్పుడు నువ్వు కూడా ఆ ఆఫీసులో ఒక నంబరువైపోయావా? నా ఉత్తరం చదివే ఉంటావు. చదివి సారుకి చూపించావా? చూపిస్తే చూపించావులే, ఆ ప్యాకెట్లన్నా వదలమని చెప్పు.

కోపం కాదు ఇది. భయం. నాకు భయం వేసినప్పుడు కోపంలాగే ఉంటుందని మీ అన్నయ్య అంటాడు.

పిచ్చుకకి నిన్నటి నుంచి విరేచనాలు. గోరుచుట్టు మీద రోకటిపోటు. పక్క వీధి వాలంటీరు తన పిల్లల్లో ఒకరి ప్యాకెట్లు నాలుగు దొంగచాటుగా ఇచ్చింది. చూశావా, ఇప్పుడు నిజంగానే దొంగనయ్యాను.

వ్యాను వచ్చేదాకా ఆగలేక దీన్ని బస్సు కండక్టరు చేతిలో పెట్టాను. అతను మీ ఆఫీసు ముందే దిగి టీ తాగుతాడట.

వదిన


జూలై 16

వదినా,

ఫోను ఎత్తలేదు, నిజమే. మోగుతుంటే చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం, నలుగురమూ ఈ ఆఫీసువాళ్ళమే, నీతో ఏం మాట్లాడను? అది ఒక సాకు. అసలు సంగతి, నీ గొంతు వింటే ఏం చెప్పాలో నాకు తెలియలేదు. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి అన్నం సహించడం లేదు. సారుకి చూపించలేదు, ఒట్టు.

తాళం నేను వేయగలను కానీ తీయలేను. తనిఖీ ఆయన వచ్చి చూసి రాస్తేనే తీస్తారు. నీ కేంద్రం వంతు వచ్చే వారం. నేను బాగా ఆలోచించాను, కోప్పడకుండా విను. నువ్వు కావాలని వంతులు పెట్టావని తెలిస్తే నిన్ను తీసేస్తారు. నా చుట్టానివని తెలిస్తే నన్నూ తీసేస్తారు, చుట్టాల కేంద్రం లెక్కలు ముట్టుకోకూడదని ఇక్కడ నియమం. అందుకని తనిఖీ రోజున గుండుని ఒక్కణ్ణే చూపించు. త్రాసు ముల్లు సరిగ్గా చదవలేకపోయాను, కళ్ళు మసకలని చెప్పు. హెచ్చరికతో వదిలేస్తారు. పిచ్చుకని ఆ ఒక్కపూట ఎవరింట్లోనైనా ఉంచండి. తాళం తీశాక చిన్నగా దానికి వేరే నంబరు నేనే ఏదో దారిలో తెప్పిస్తాను. ఎవరి ఉద్యోగమూ పోదు.

మన చుట్టరికం సంగతి ఎవరి దగ్గరా అనకు. విరేచనాలకి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పడుతున్నారు కదా? నాకు నువ్వే నేర్పావు, నీకే చెప్తున్నాను.

నీ ఆడపడుచు


జూలై 18

ఆసుపత్రి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే నీ ఉత్తరం అందింది. నిలబడే చదివాను. ఇది కూడా నిలబడే రాస్తున్నట్టుంది నాకు.

దాచమంటావా? పిచ్చుకనా? ఎక్కడ దాచను? అది దాగే ఉంది కదా ఇన్నాళ్ళూ. మీ ఫోను దాచింది, నా వంతులు దాచాయి, ఇప్పుడు నువ్వు పక్కింట్లో దాచమంటున్నావు. ఇంక దాచాల్సిన పని లేదు, ఒళ్ళో పెట్టుకుంటే బరువు తెలియడం లేదు.

నిన్న జ్వరం కూడా అంటుకుంది. ఇవాళ పొద్దున్నే టైలరమ్మా నేనూ ఆటోలో పిల్లల వార్డుకి తీసుకెళ్ళాం. అక్కడ మంచం నంబరు మీదే ఇస్తారు. నర్సమ్మ మన నంబరు కొట్టి తెర వైపు చూసింది, పిచ్చుక వైపు చూసింది, మళ్ళీ తెర వైపు చూసింది. "ఇందులో మగబిడ్డ, తొమ్మిది కిలోలు, పచ్చ అని ఉంది. తాళం కూడా పడి ఉంది. ఈ పాపెవరమ్మా?" అంది.

నేను చెప్పబోయాను. "మొత్తం కథ వినే తీరిక లేదమ్మా, నంబరు సరిచేయించుకుని రండి" అంది. ఆమెనేమీ అనను. మంచానికి ఇద్దరు పిల్లలున్నారు, నేల మీద తల్లులున్నారు, ఆమె ఒక్కతే ఉంది. జ్వరం మందు ఇచ్చి, రాత్రికి తగ్గకపోతే మళ్ళీ తెమ్మంది.

తిరిగొచ్చేప్పుడు టైలరమ్మ ఒక్క మాటే అడిగింది. "నా కూతురు ఎందులోనూ లేదా అక్కా?" అంది. నీకు చెప్పడానికి ఈ ఒక్క వాక్యం చాలు.

నా మాట విను. నా పని పోతే పోనీ. ఇరవై ఏళ్ళు చేశాను, ఇంట్లో కూర్చుని గొళ్ళెం తుడుచుకుంటాను. నీ ఉద్యోగం సంగతి మాత్రం నేను చెప్పలేను, అది నీది. కానీ ఆ గదిలోకి నేను రాలేను, నా ఫోను అక్కడెవరూ ఎత్తరు. అక్కడ ఉన్నది నువ్వు ఒక్కదానివే. రేపు పొద్దున్నే పిచ్చుకని మళ్ళీ తీసుకెళ్తాం. నంబరున్నా లేకపోయినా వార్డు గుమ్మంలో కూర్చుంటాం, లేవం.

ఈ ఉత్తరం సాయంత్రం బస్సుకి పంపుతున్నాను. చేరుతుందనే అనుకుంటాను.

వదిన


జూలై 20

వదినా,

నీ ఉత్తరం మొన్న సాయంత్రమే చేరింది. నిన్న ఫోనులో నువ్వు ఏడుస్తున్నావో నన్ను తిడుతున్నావో తెలియలేదు, వార్డులో అంత గోల. "మంచం ఇచ్చారు" అన్న రెండు మాటలే వినపడ్డాయి. అవి చాలు. ఇటువైపు ఏం జరిగిందో నువ్వు అడగలేదు, నేను చెప్పాలి.

నిన్న పొద్దున ఆఫీసు తలుపు తీయకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. సీటుకి వెళ్ళి ఆ గీత తెరిచాను. ఒక కాగితం తీసుకుని చుక్కలన్నీ దించాను. ఒకటి విడిచి ఒకటి కలిపాను. పైన ఒక గీత వచ్చింది, నెమ్మదిగా ఎక్కుతోంది, గుండుది. మిగిలినవి కలిపాను. కిందో గీత వచ్చింది. మూడే చుక్కలు. ఒకదాని కింద ఒకటి. చిన్నపిల్లలకి చూపించినా చెప్తారు ఆ బిడ్డ ఎటు పోతోందో. ఈ నెల మొదట్లో మూడు రోజులు దాన్నే చూస్తూ కూర్చున్నాను వదినా. ఇద్దరు పిల్లలేమోనన్న ఆలోచన రాలేదు. దొంగ అన్న ఆలోచనే ముందొచ్చింది.

సారు గదిలోకి వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టాను. "సార్, ఇది ఒక బిడ్డ కాదు, ఇద్దరు. కవలలని యాప్ తీసుకోదు. ఈ కింది బిడ్డ ఇప్పుడు వార్డు గుమ్మంలో ఉంది. ఆ వాలంటీరు మా వదిన" అన్నాను. అన్నీ ఒకే ఊపులో చెప్పేశాను, ఆగితే చివరిది మింగేస్తానని భయం.

ఆయన కింది గీత మీద వేలు పెట్టి చూశారు. "మీ వదినని ఎప్పుడు తెలిసింది?" అన్నారు. చెప్పాను. "పది రోజులు" అన్నారు. అరిచినా బాగుండేది. తర్వాత వార్డుకి ఆయనే ఫోను చేశారు, తాళం ఆయనే తీయించారు. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. ఎవరూ కూర్చోమనలేదు.

నన్ను లెక్కలు చూసే సీటు నుంచి తీసేశారు. ఖాయం సంగతి మర్చిపొమ్మన్నారు. నిన్ను ఒకసారి పిలిచి అడుగుతారట, ఉన్నదున్నట్టు చెప్పు. ఇంక నా సలహాలు వినకు. నన్ను ఎక్కడ కూర్చోబెడతారో సోమవారం చెప్తారు.

పిచ్చుక ఎలా ఉందో రాయి. ఏడుస్తోందా? ఏడుస్తోందని రాయి.

నీ
ఆడపడుచు


ఆగస్టు 12

ఆడపడుచుకి,

నీ కొత్త కొలువు సంగతి డ్రైవరు చెప్పాడు. సాయం నంబరు దగ్గర కూర్చోబెట్టారట కదా. ఫోను ఎత్తని పిల్లకి ఫోను ఎత్తే పని ఇచ్చారు, మీ సారు తెలివిగలవాడే. మా వాలంటీర్లంతా ఇప్పుడు చీటికీ మాటికీ ఆ నంబరుకి చేస్తున్నారు, ఎత్తుతుందో లేదో చూద్దామని. ఒక్క మోతకే ఎత్తుతున్నావట. నేను మాత్రం చేయను, నీకు ఉత్తరమే రాస్తాను.

నన్ను పిలిచారు, అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. నన్ను ఉంచుతారో తీసేస్తారో ఇంకా తేల్చలేదు. తేల్చేదాకా తూకాలు నేనే చూడమన్నారు. అంటే నా తప్పు ఎంత పెద్దదో వాళ్ళకీ తెలియలేదన్నమాట. నాకూ తెలియదు. మీ అన్నయ్య మాత్రం నా తరఫున ఊరందరితో పోట్లాడుతున్నాడు. నిన్న గొళ్ళెం తనే తుడిచాడు.

వార్డులో పిచ్చుక చాలా రోజులు ఉంది. మొదట్లో ముక్కులో గొట్టంతోనే పాలు. టైలరమ్మ అక్కడే మంచం కింద పడుకునేది. గుండుని నేను మా ఇంట్లో ఉంచుకున్నాను, వాడు రోజూ గుమ్మంలో నిలబడి రోడ్డు చూసేవాడు. ఆ నర్సమ్మ ఒకరోజు నా దగ్గరికొచ్చి, "ఆ రోజు నేను తెర వైపు ఎక్కువసేపు చూశానమ్మా" అంది. నేనూ అంతే, నువ్వూ అంతే అని చెప్పాలనిపించింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మొన్న ఇంటికి పంపారు. ఇవాళ తూకం రోజు. ఫోను తెరిస్తే కొత్త ప్రశ్న ఒకటి కనిపించింది. "ఒకే కాన్పులో పుట్టిన ఇంకో బిడ్డా?" అని. అవునని నొక్కాను. ఏమీ అనకుండా ఒప్పుకుంది. పిచ్చుకకి నంబరు వచ్చింది. టైలరమ్మ ఆ నంబరు చేతి మీద పెన్నుతో రాయించుకుంది.

సంచిలో కూర్చోబెట్టి కొక్కేనికి తగిలించాను. వేలాడగానే ఏడుపు ఎత్తుకుంది. గదిలో పిల్లలందరి కంటే గట్టిగా. నేను ముల్లు చదవలేకపోయాను, కళ్ళు నిజంగానే మసకలయ్యాయి. పక్క వీధి వాలంటీరు చదివి చెప్పింది. ఏడు కిలోలకి కాస్త తక్కువ. టేపు ఎరుపు దాటింది, పసుపులో ఉంది. ఎక్కించాను.

నువ్వు ఇప్పుడు గీతలు చూడవు, తెలుసు. కానీ ఆ గదిలోనే ఉన్నావు కాబట్టి పక్క సీటావిడని అడిగి ఒకసారి చూడు. నంబరు చీటీ మీద రాసి ఇందులో పెడుతున్నాను. అందులో గీతేమీ ఉండదు, ఇవాళ్టి చుక్క ఒక్కటే ఉంటుంది. ఒక్క చుక్కతో అది పైకి పోతోందో కిందికి పోతోందో ఎవరూ చెప్పలేరు, నువ్వు కూడా. ఇంకో చుక్క పడాలంటే రెండు వారాలు. నాకు నిద్ర పట్టదు, నీకూ పట్టదు. ఎవరి మంచం మీద వాళ్ళం ఒకే చుక్కని చూస్తూ ఉందాం.

గుండు వేరుగా, పిచ్చుక వేరుగా తూచిన
మీ వదిన